తెలిసిన గొంతు

రవికిరణ్‌కు ప్రభుత్వమంటే పడదు. ఎంత పడదంటే, కట్టుకున్న భార్య ప్రభుత్వోద్యోగి అయినా పడదు. ఉమాశ్రీ పన్నుల శాఖలో పనిచేస్తుంది. పొద్దున్నే ఆవిడ క్యారేజీ సర్దుకుంటుంటే ఈయన బాల్కనీలో నిలబడి, పన్నంటే రసీదిచ్చి చేసే దోపిడీ అని ఫోన్లో ఎవరికో బోధిస్తుంటాడు. "ఆ దోపిడీ సొమ్ముతోనే మన గ్యాసు బండ వచ్చింది, కాస్త మెల్లగా మాట్లాడండి," అని ఆవిడ చెప్పులేసుకుని పోతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఈ తగువు తేలలేదు. తేలాలని ఇద్దరికీ లేదు కూడా.

వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ మాటల అడుగున ఒక భయముంది. చిన్నప్పుడు రామచంద్రపురంలో వాళ్ల నాన్నకు సోడా కొట్టు ఉండేది. ఒకరోజు ఇంటిముందు ప్రభుత్వపు జీపు ఆగింది. లైసెన్సేదీ అన్నారు. నాన్న ఎగ్గట్టిన పంచె గబగబా కిందికి దించి, చేతులు జోడించి వాకిట్లో నిలబడ్డాడు. అంత గట్టి మనిషి, ఊళ్లో ఎవరికీ జంకనివాడు, అలా నిలబడిపోయాడు. సోడాసీసాలు ఒక్కొక్కటీ పగులుతుంటే పిల్లవాడు తలుపు చాటునుంచి చూశాడు. ఏ అధికారి అయినా, ఏ జెండావాడైనా, మనిషి గడప దాకా రాకూడదన్న సిద్ధాంతం అతనికి ఆ వాకిట్లోనే పుట్టింది. పుస్తకాలు ఆ తర్వాత చదివాడు.

ఇప్పుడాయన మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూసే మేనేజరు. శేరిలింగంపల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో మూడో ఫ్లోరు. శనివారం శనివారం ఆ ఇంటి హాల్లో 'స్వేచ్ఛా మిత్రులు' కూడతారు. ఓ పాతికమంది. ఐటీవాళ్లు సగం, హాస్టలు నడిపేవాడొకడు, కేఫ్ పెట్టి పర్మిషన్ల చుట్టూ తిరిగి తిరిగి అరికాళ్లు అరిగినవాడొకడు. ఉమాశ్రీ ఇడ్లీలు, అల్లప్పచ్చడి పెడుతుంది. ప్రభుత్వమే వద్దనేవాళ్లకు ప్రభుత్వోద్యోగి చేతి ఇడ్లీలు ఎలా దిగుతాయో అని దెప్పుతూనే పెడుతుంది. వాళ్లు కోరేది నిజానికి చాలా చిన్నది. పన్ను తగ్గించండి, పర్మిట్లు ఎత్తెయ్యండి, మా ఇంట్లో ఏం వండుకున్నాం, ఎవరితో ఉన్నాం అని అడక్కండి. ఒకసారి వార్డు ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డారు కూడా. నోటాకు పడినన్ని ఓట్లు కూడా పడలేదు. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ అందరూ గోడ గడియారం వంక చూస్తారు.

ఆ పాతికమందిలో చిన్నవాళ్లు రాకేశ్, జ్యోత్స్న. పై ఫ్లోర్లో కిరాయికి ఉంటారు. ఇద్దరూ ఒకే ఆఫీసు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదనే ఉన్నారు. "మా ఇద్దరి నడుమ మూడో మనిషి సంతకం ఎందుకు సార్?" అంటుంది జ్యోత్స్న. ఆ మాటకు రవికిరణ్ మురిసిపోయేవాడు. తాను నోటితో చెప్పేది ఈ పిల్లలు బతికి చూపిస్తున్నారు మరి. అయితే ఆ పిల్లది సిద్దిపేట అవతల పల్లె. తండ్రికి సంగతి తెలియదు. ఆడపిల్లలతో హాస్టల్లో ఉంటున్నానని చెప్పింది. "మా నాయినకు ఎరుకైతే లొల్లి పెట్టడు సార్. ఊకుంటడు. మా అక్క విషయంల గూడ గట్లనే ఊకున్నడు, పది దినాల తర్వాత బావ చెయ్యి ఇరిగింది," అని ఒకసారి చాయ్ పోస్తూ మామూలుగా చెప్పింది. విన్నవాళ్లెవరూ ఆ పూట మళ్లీ నవ్వలేదు.

అందుకే ఒక శనివారం రవికిరణ్ 'తలుపు క్లాసు' పెట్టాడు. ఎవరైనా వచ్చి తలుపు కొడితే ఏం చేయాలన్నది పాఠం. జ్యోత్స్నను లోపల పెట్టి, తాను బయట నిలబడ్డాడు. మొదట మునిసిపాలిటీ వాడిలా కొట్టాడు. "కాయితం ఉంటే తలుపు కిందికెళ్లి లోపటికి నూకుండ్రి," అంది లోపల్నుంచి. పోలీసులా కొట్టాడు. వారంటు అడిగింది. కొరియరువాడిలా కొట్టాడు. గుమ్మం ముందు పెట్టి పొమ్మంది. హాలంతా చప్పట్లు. అప్పుడు రవికిరణ్ మామూలు గొంతుతో, "అమ్మా జ్యోత్స్నా, నేను, రవికిరణ్ సార్‌ని. తలుపు తియ్యమ్మా," అన్నాడు. గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

అందరూ గొల్లున నవ్వారు. ఆ పిల్ల నాలిక్కరుచుకుంది.

"ఓడిపోయావు," అన్నాడు రవికిరణ్. "నిజంగా వచ్చేవాళ్లు కొత్త గొంతుతో రారమ్మా. నీకు తెలిసిన గొంతునే ముందు నిలబెట్టుకుని వస్తారు. నేను పిలిచినా తీయొద్దు. నాకు పనుంటే ముందు ఫోన్ చేస్తాను. ఫోన్ లేకుండా వచ్చి పిలిచానంటే, నా వెనకాల ఎవరో ఉన్నారని లెక్క." ఆ రోజునుంచి ఆయన పైకి వెళ్లాలంటే ఫోన్ చేసే వెళ్లేవాడు. ఉప్పు కావాలన్నా సరే.

పెద్ద పార్టీవాళ్లు వచ్చింది ఆ తర్వాతే. సంప్రదాయం, సంస్కృతి అని పొద్దున లేస్తే జెండా పట్టే పార్టీ. వాళ్ల తరఫున వచ్చినవాడు శివశంకర్. ఇక్కడి పాత కాపే, తాతలనాటి పొలాల మీద ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. మాట వెన్న. నెమ్మదిగా మాట్లాడతాడు, చెప్పులు గుమ్మం బయటే విడుస్తాడు, ఉమాశ్రీని అక్కా అంటాడు. ఇడ్లీ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

"సార్, మీరు పన్నులు తగ్గాలంటరు, మేమూ అదే అంటం. పర్మిట్లు పోవాలంటరు, మేమూ గదే. నోటా కింద ఎందుకు నలుగుతరు? మాతోని రాండ్రి. ఒక వార్డు టికెట్ మీకే," అన్నాడు. అప్పుడే చాయ్ తెచ్చిన జ్యోత్స్న వంక చూసి, "మంచిగున్నవా చెల్లె? మీ ఆయన ఏడి?" అన్నాడు. ఆ పిల్ల నవ్వి, కప్పు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

ఆయన వెళ్లాక హాల్లో పెద్ద వాదన. వాళ్ల మాటల్లో సగం మనవే కదా అన్నాడు కేఫ్ ఆయన. మిగతా సగం మాటేమిటన్నాడు రాకేశ్. ఆ సగం వేదికల మీద అరవడానికే తప్ప చేయడానికి కాదులే అని తేల్చాడు రవికిరణ్. ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోని మనిషికి ఒకడొచ్చి కుర్చీ వేస్తే, ఆ కుర్చీ కాళ్లు చూసే ఓపిక ఎక్కడుంటుంది? వంటింట్లోంచి ఉమాశ్రీ ఒక్కమాటే అంది. "కొరివితో తల గోక్కుంటున్నారు. దురద తీరుతుంది, కాదనను." పొత్తు ఖాయమైంది.

సంక్రాంతి వెళ్లాక మియాపూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పార్టీవాళ్లు మేధావుల సభ పెట్టారు. రవికిరణ్‌కు శాలువా కప్పి మైకిచ్చారు. పర్మిట్ల గురించి మాట్లాడాడు, సోడాసీసాల కథ చెప్పాడు, హాలు దద్దరిల్లింది. ఆ చప్పట్లు చెవికెక్కాయి. జీవితంలో అన్ని చేతులు ఆయన కోసం ఎన్నడూ కలవలేదు. అక్కడితో ఆపి కూర్చుంటే ఈ కథ లేదు.

"స్వేచ్ఛంటే వ్యాపారానికొక్కదానికే కాదు," అన్నాడు. "మా అపార్ట్‌మెంట్లో, సరిగ్గా నా నెత్తిమీద ఫ్లోర్లో, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటున్నారు. పెళ్లి కాలేదు. చేసుకోరు కూడా. నాకు డెంగీ వస్తే ఆ పిల్లలే దవాఖానలో కూర్చున్నారు. బంగారంలాంటి పిల్లలు. వాళ్ల కాపురానికి ముద్ర వెయ్యడానికి ప్రభుత్వం ఎవరు? నేనెవరు? మీరెవరు?"

చప్పట్ల కోసం ఆగాడు. రాలేదు. హాలంతా అతని మొహం వంకే చూస్తోంది. రెండో వరసలో ఒక కుర్రాడు ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. అప్పుడు ముందు వరసలోంచి శివశంకర్ ఒక్కడే, నవ్వుతూ, నిదానంగా చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక మిగతావాళ్లూ కొట్టారు. రవికిరణ్‌కు శాలువా కింద చెమట పట్టింది. ఏదో చేయకూడనిది చేశానని ఆ క్షణానే తెలిసిపోయింది.

కారు దాకా సాగనంపుతూ శివశంకర్ అన్నాడు, "మస్తు మాట్లాడిన్రు సార్. ఆ పిల్ల మనకు చాయ్ ఇచ్చిన పిల్లనే గదా? పెండ్లి అయిందే అనుకున్న. పాపం."

"అదేం లేదండీ, అది వాళ్ల సొంత విషయం..."

"అయ్యో, చెల్లె అసొంటిది సార్. మనం చూసుకోవాలె గద. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." అంటూ కారు తలుపు ఆయనే మూశాడు.

ఆ ఫికర్ చెయ్యకుండ్రి అన్న మాట దగ్గరే మొదలైంది అసలు ఫికరు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కంచం పక్కకు జరిపాడు. ఉమాశ్రీ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది.

"మీ నోటికి తాళం వెయ్యా! చప్పట్ల కోసం ఆ పిల్లల్ని తీసుకెళ్లి వాళ్ల ముందు పరిచారా? తినకపోతే మానె, ముందు పైకెళ్లి చెప్పండి. వాళ్లకు తెలియాలి. ఫిబ్రవరి వస్తోంది, ఏటా వీళ్ల కుర్రాళ్లు పసుపుతాళ్లు పట్టుకుని పార్కుల్లో జంటల వెంట పడతారు, మీకు గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు గుర్తు లేదు! ప్రేమికుల రోజున చెరువు గట్ల మీద, పార్కుల్లో దొరికిన జంటలకు అక్కడికక్కడే పసుపుతాడు కట్టించి, వీడియో తీసి ఫోన్లలో తిప్పుతారు. పెళ్లి చేశాం, పుణ్యం చేశాం అంటారు. అట్లాంటి వీడియో ఒక్కటి సిద్దిపేట అవతల పల్లెకు చేరితే చాలు.

ఫోన్ చేసి పైకెళ్లాడు. జ్యోత్స్న తలుపు తీసి మజ్జిగ ఇచ్చింది. "స్పీచ్ ఎట్లయింది సార్?" అని కళ్లు మెరిపిస్తూ అడిగింది. చెప్పాలి. చెప్పాలంటే, మీ బతుకును చప్పట్లకు అమ్ముకున్నానమ్మా అని మొదలుపెట్టాలి. ఆ పిల్ల మొహంలో తన మీదున్న ఆ గౌరవం తన కళ్లముందే పోవడం చూడాలి. మజ్జిగ తాగాడు. నీళ్ల ట్యాంకరు రెండ్రోజులకోసారే వస్తుందట అన్నాడు. గ్లాసు పెట్టేసి దిగి వచ్చాడు.

"చెప్పారా?" అంది ఉమాశ్రీ.

"చెప్పాను."

ఆవిడ నమ్మింది. నమ్మబట్టే తాను వెళ్లి చెప్పలేదు. పిరికితనం ఒక్క అబద్ధంతో సరిపెట్టుకోదు, పక్కవాళ్ల చేతులు కూడా కట్టేస్తుంది.

ఇక ఆ రోజులు ఎలా గడిచాయంటే, లిఫ్టు ఆగిన చప్పుడైతే ఉలిక్కిపడటం, వీధిలో బైకు ఆగితే కర్టెన్ పక్కనుంచి చూడటం. అతని ప్రసంగంలోని ఆ ముక్క ఒక్కటే కత్తిరించి ఎవరో ఫోన్లలో వదిలారు. కింద 'నెత్తిమీద ఫ్లోరు' అని రాసి నవ్వుల బొమ్మలు పెట్టారు. శివశంకర్‌కు ఫోన్ చేసి గట్టిగా అడుగుదామనుకుంటాడు, పేరు దాకా వెళ్లి వేలు ఆగిపోతుంది. అడిగితే ఏమంటాడో అని భయం. అనకపోతే ఇంకా భయం. పార్టీని వదులుకుందామంటే కేఫ్ ఆయన ఊరుకోడు, పట్టుకు వేళ్లాడదామంటే ఉమాశ్రీ మొహం చూడలేడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఒకనాడు వాచ్‌మన్ భార్య బాలమ్మ మెట్లు తుడుస్తూ ఆపింది. "సారూ, నిన్న పోరగాండ్లు బండి మీద వచ్చిండ్రు. పెండ్లి గాకుంట ఉంటున్నరంట గద, ఏ ఇల్లు అని అడిగిండ్రు. నాకు తెల్వదన్న. పో ముసల్దానా, మీ సారే చెప్పిండు, మూడో ఫ్లోరు మీద అని నవ్విండ్రు." చీపురు గోడకానించి అతని వంక సూటిగా చూసింది. "నిజంగ మీరే చెప్పిండ్రా సారూ?"

"పని చూసుకో బాలమ్మా," అన్నాడు. అనేసి ఇంట్లోకి వచ్చి పైగడియ కూడా వేసుకున్నాడు. ఆ వారం సమావేశం లేదని అందరికీ మెసేజ్ పెట్టాడు. ప్రేమికుల రోజుకు పిల్లలిద్దరూ ఎటైనా వెళ్తారులే, ఇంట్లో ఉండరులే అని తనకు తానే చెప్పుకున్నాడు. అడిగి తెలుసుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆ శనివారం, ప్రేమికుల రోజు, రానే వచ్చింది. మర్నాడు శివరాత్రి. పూజసామాన్లకని ఉమాశ్రీ మియాపూర్ వెళ్లింది. ఎండ ఇంకా ముదరలేదు. గంట మోగింది. రవికిరణ్ తలుపు కన్నంలోంచి చూశాడు. శివశంకర్. తెల్లచొక్కా, నుదుట బొట్టు, చేతిలో ఇత్తడి పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, రెండు దండలు, పసుపుకొమ్ము కట్టిన తాడు. ఆయన వెనక చెమట తుడుచుకుంటున్న ఒక పంతులు. మెట్ల మీద కింద దాకా కుర్రాళ్లు, ప్రతివాడి చేతిలో ఫోను.

తియ్యకుండా ఉండవచ్చు. పాతికమందికి పాఠం చెప్పినవాడు. "సార్, నేనే," అంది ఆ వెన్నలాంటి గొంతు. చెయ్యి తనంతట తానే గడియ తీసింది.

"పిల్లలు ఇంట్లనే ఉన్నరు సార్. ఆ పిలగానికి జొరమంట, ఎటూ పోలే," అన్నాడు శివశంకర్. "మేం కొట్టం, తిట్టం. శుభమా అని లగ్గం చేస్తం. పెద్దమనిషి మీరు, మీ చేతుల మీదనే కానియ్యిండ్రి."

"శివశంకర్ గారూ, ఇది తప్పండీ. వాళ్లకిష్టం లేదు. ఆ అమ్మాయి నాన్న..."

"అయిన తర్వాత నాయినకు మేమే చెప్తం." ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గొంతు మాత్రం కొంచెం తగ్గించాడు. "సార్, ఈ పోరగాండ్లు నా మాట జరసేపే వింటరు. మీరు పిలుస్తె ఆ పిల్ల తీస్తది, మర్యాదగ అయిపోతది. మీరు పిలవకుంటె తలుపు పలుగుతది. అప్పుడు వీడియోల ఆ పిల్ల ఎట్ల కనపడతదో నాకు తెల్వదు. ఈ ఇల్లు చూపిచ్చింది మీరేనని గూడ అందరికీ ఎరుకనే. అక్క ఒక్కతే ఆఫీసుకు పోయి వస్తది గద?"

ఆ చివరి మాట చాలా మామూలుగా అన్నాడు. యోగక్షేమం అడిగినట్టే ఉంది. అప్పుడు గమనించుకున్నాడు రవికిరణ్, తన రెండు చేతులూ ఛాతీ ముందు జోడించి ఉన్నాయి. ఎప్పుడు జోడించాడో తెలియదు. ఒంటి మీదున్నది లుంగీ. ఎగ్గట్టినది కిందికి దించుకుని కూడా ఉన్నాడు.

మెట్లెక్కాడు. వెనకాల అంతమంది అడుగులు. బాలమ్మ కింద మలుపు దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పైన ఆకుపచ్చ తలుపు, దాని ముందు పిల్లల చెప్పులు రెండు జతలు. లోపల మిక్సీ తిరుగుతోంది. ఆగింది.

శివశంకర్ కళ్లతోనే కానివ్వమన్నాడు.

ఆ క్షణంలో రవికిరణ్ మనసులో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పాలి. స్వేచ్ఛ లేదు, సిద్ధాంతం లేదు, ఆ పిల్ల కూడా లేదు. ఇది తొందరగా అయిపోవాలి, ఈ మనుషులు తన వెనకనుంచి పోవాలి. అంతే ఉంది.

"అమ్మా జ్యోత్స్నా," అన్నాడు. "నేను, రవికిరణ్ సార్‌ని. తలుపు తియ్యమ్మా."

లోపల అడుగులు గబగబా తలుపు దాకా వచ్చాయి. గడియ మీద చెయ్యి పడిన చప్పుడు కూడా వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఒక కుర్రాడు ఫోన్ ఇంకాస్త పైకెత్తాడు.

"సార్." తలుపు అవతల జ్యోత్స్న గొంతు. స్పష్టంగా ఉంది. "మీరు పిలిచినా తీయొద్దన్నరు గద సార్. నేను తీస్తలేను. రాకేశ్ పోలీసులకు ఫోన్ కలిపిండు, మాట్లాడుతున్నడు. ఇది నా ఇల్లు. ఎవరున్నా దిగిపొండ్రి."

శివశంకర్ మొహంలో నవ్వు మొట్టమొదటిసారి పోయింది. ఒకడు తలుపు మీద కాలితో తన్నాడు. ఇంకొకడు తన్నాడు. తలుపు అదిరిందే గానీ గడియ ఊడలేదు. ఈ లోపల బాలమ్మ కిందనుంచి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది, "ఓ అమ్మలారా, బయటికి రాండ్రి, ఆడపిల్ల ఇంటి మీద పడ్డరు!" అని. ఒక్కో ఫ్లోర్లో తలుపులు తెరుచుకున్నాయి. నైటీల మీద చున్నీలు వేసుకుని ఆడవాళ్లు మెట్ల మీదికి వచ్చారు. పంతులు అందరికంటే ముందు దిగిపోయాడు. కాసేపటికి వీధిలో సైరన్ వినిపించింది. జన్మలో మొదటిసారి ఆ ప్రభుత్వపు బండి చప్పుడు రవికిరణ్ చెవికి దేవుడి గంటలా వినపడింది.

శివశంకర్ పళ్లెం ఆ గుమ్మం ముందే పెట్టాడు. "తొందరేం లేదు చెల్లె. మళ్ల వస్తం," అన్నాడు తలుపుతో. దిగుతూ రవికిరణ్ భుజం తట్టాడు. "మీరు పిలిచిన్రు సార్. మీ తప్పేం లేదు."

పోలీసులు వచ్చారు, అడిగారు, పార్టీ పేరు చెప్పగానే కొంచెం మెల్లబడ్డారు, వెళ్లారు. పళ్లెం సాయంత్రం దాకా అక్కడే ఉంది. చివరికి బాలమ్మ తీసుకెళ్లి పువ్వులు చెత్తలో పడేసింది. పసుపుతాడు పడెయ్యడానికి చేతులు రాక, మూటగట్టి గుడిలో ఇచ్చి వచ్చింది.

మూడు రోజుల్లో పిల్లలు ఇల్లు ఖాళీ చేశారు. సామాను ఎత్తేటప్పుడు రవికిరణ్ ఇంట్లోనే ఉన్నాడు, బయటికి రాలేదు. లారీ కదిలాక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. జ్యోత్స్న నుంచి.

"సార్, మీతోని కలిసి మాట్లాడదామనుకున్న గానీ వాళ్లు చూస్తరని రాలే. ఆ రోజు గడియ సగం తీసిన సార్. అప్పుడు సమజైంది, మీరు అచ్చం క్లాసుల పిలిచినట్టే, అవే మాటలతోని పిలుస్తున్నరని. ఫోన్ చెయ్యకుంట వచ్చిన్రని. మీ మెడ మీద కత్తి పెట్టినా మాకు అట్ల గుర్తు చెప్పిన్రు. మా సొంత నాయిన గూడ గింత చెయ్యడు. ఎక్కడికి పోతున్నమో మీకు గూడ చెప్తలేను. కోపం చెయ్యకుండ్రి, మీరు నేర్పిందే."

చదివాడు. మళ్లీ చదివాడు. గుర్తా? ఏ గుర్తు? పిలిచేటప్పుడు ఆ పాఠం ఒక్క ముక్క కూడా జ్ఞాపకం రాలేదే! తలుపు తెరవాలనే పిలిచాడు. తెరిస్తే బాగుండునని పిలిచాడు. కాదమ్మా అని టైపు చేశాడు. చెరిపేశాడు. మళ్లీ చేశాడు, చెరిపేశాడు. ఆఖరికి 'జాగ్రత్త తల్లీ' అని పంపించాడు. అది కూడా అబద్ధమే అయి కూర్చుంది.

ఆ పిల్ల ఎవరికో చెప్పింది, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. శనివారంనాడు హాల్లో స్వేచ్ఛా మిత్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కేఫ్ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఎలక్షన్లు దగ్గరకొస్తున్నాయి, పన్నుల విషయంలో మాత్రం పొత్తు చెడగొట్టుకోకుండా ఉంటే మంచిదేమో ఆలోచించమన్నాడు. వద్దనడానికి రవికిరణ్‌కు నోరు రాలేదు. ఔననడానికీ రాలేదు. పొత్తు అలాగే ఉండిపోయింది. శివశంకర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, "మన మనిషి" అంటూనే ఉన్నాడు. ఉమాశ్రీ ఇడ్లీలు పెట్టింది గానీ ఆ పూట ఎవరినీ దెప్పలేదు. "నిజంగా గుర్తు చెప్పడానికే అలా పిలిచారా?" అని ఆవిడొక్కతే అడిగింది, గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా. ఆయన వెళ్లి వీధి తలుపు గడియ వేసి వచ్చాడు. ఆవిడ కుళాయి కట్టేసి ఇంకొంచెంసేపు ఆగి చూసి, మళ్లీ తిప్పింది.

ఇప్పుడు రవికిరణ్ ఇంటి తలుపుకు మూడు గడియలు. పై ఫ్లోరు ఖాళీగా ఉంది, అయినా అక్కడ మిక్సీ తిరుగుతున్నట్టు అనిపించి తలెత్తి వింటాడు. మొన్న సాయంత్రం గంట మోగింది. కన్నంలోంచి చూస్తే ఉమాశ్రీ. ఆఫీసు సంచి, కూరల సంచి, మొహాన చెమట.

"నేనేనండీ. తలుపు తియ్యండి."

పై గడియ తీశాడు. రెండోదీ తీశాడు. మూడోదాని మీద చెయ్యి ఆగిపోయింది. తెలిసిన గొంతు. రోజూ వినే గొంతు. ఆ మాటలు కూడా అవే. కన్నంలోంచి మళ్లీ చూశాడు. ఆవిడ వెనకాల మెట్లు మలుపు తిరిగేచోటు కనపడదు.

"ఏమండీ, చేతులు లాగేస్తున్నాయి. తియ్యండి!"

"ఉమా," అన్నాడు, తలుపుకు నోరు ఆనించి, తనకే వినపడనంత మెల్లగా. "నీ వెనకాల ఎవరున్నారు?"